నాలుగో లెవెల్ గాలిపెట్టె

గనిలోకి దిగిన 41వ ఏడు, 203వ రోజు. మొదటి షిఫ్ట్.

హాజరు: భూలక్ష్మి, అంటే నేను. మొండయ్య రాలేదు, పంటి నొప్పట. ఈ మనిషికి పళ్లు ముప్పై రెండుంటే నొప్పులు అరవై నాలుగు.

పదకొండు పెట్టెలనూ పక్క కిటికీలోంచి చూశాను. నీళ్ల పెట్టె బాగుంది. దీపాల పెట్టె బాగుంది. తలుపుల పెట్టె బాగుంది. నాలుగో లెవెల్ గాలిపెట్టె బాగాలేదు. పంకాలు సగం వేగంతో తిరుగుతున్నాయి.

కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఈ పుస్తకం తిరగేసి "పెట్టె అంటే ఏంది, కిటికీ అంటే ఏంది" అని నా తల తింటున్నారు కాబట్టి ఒక్కసారి రాసిపెడతాను, మళ్లీ అడగొద్దు. పెట్టె అంటే ఇనుముతో చేసింది కాదు. ఒకే యంత్రంలో, ఒకదాని జోలికి ఒకటి పోకుండా, దేని పని అది చేసుకునే ప్రోగ్రాము. మనం ఈ గనిలోకి దిగకముందే ఎవరో మొదలుపెట్టి పోయారు. అప్పటి నుంచి నడుస్తూనే ఉన్నాయి. ఆగితే మళ్లీ లేవవు. లేచేటప్పుడు పైనున్న పెద్ద యంత్రాన్ని ఒకసారి అనుమతి అడుగుతాయి, అది ముప్పై ఏళ్ల కిందటే ఎండకు మాడిపోయింది.

టెర్మినల్ నుంచి పెట్టెలోకి పోవడానికి దారులు రెండు. ఒకటి పక్క కిటికీ. తొంగి చూస్తాం, కంట్రోల్ పట్టి సి కొడతాం, కిటికీ మూసుకుంటుంది. పెట్టెకు ఏమీ కాదు. రెండోది నడిగుమ్మం. పెట్టె నోరూ చెవీ అక్కడే ఉంటాయి. అది అడిగింది మనకు కనిపిస్తుంది, మనం కొట్టింది దానికి వినిపిస్తుంది. అక్కడ కూడా సి కొడితే మూసుకునేది కిటికీ కాదు, ఏకంగా పెట్టే. అక్కడి నుంచి బయటపడాలంటే కంట్రోల్ పట్టి పి, వెంటనే క్యూ. అంటే మూయకుండా వచ్చేయాలి.

మూయకుండా రావడం! ఈ గనిలో పుట్టినవాళ్లకు చెప్పే మాటేనా? మా పిల్లలు అమ్మా అనడం కన్నా ముందు తలుపు వెయ్యడం నేర్చుకుంటారు. లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య ఇనుప తలుపు, ఏ లెవెల్ గాలి ఆ లెవెల్‌ది. దాటినవాడు వెనక్కి తిరిగి తలుపు లాగి "వేసిన!" అని అరవాలి. చెవిన పడ్డవాడు ఎవడైనా సరే "విన్న!" అనాలి. పెళ్లిలో కూడా పిల్ల పుట్టింటి లెవెల్ తలుపు తన చేత్తోనే వేసి పోతుంది. మేమైతే కిటికీ మూసినా, సంచి మూసినా, అన్నం గిన్నె మీద మూత పెట్టినా వేసిన అనే అంటాం. ఇక్కడ "తలుపు మరిచినోడా" అన్న తిట్టు తర్వాత ఇంకో తిట్టు లేదు.

కిటికీలోంచి గాలిపెట్టె రాత చదివాను. పంకా ముందు దుమ్ము పట్టే జల్లెడ గురించి నిన్న మధ్యాహ్నం నుంచి అది ఒకటే మాట అడుగుతోంది: జల్లెడ కొత్తదా? అవును లేక కాదు. జవాబు వచ్చేదాకా సగం వేగమే. కిటికీలోంచి ఎంత అరిచినా దానికి వినపడదు.

మా చెల్లె సుగుణ నాలుగో లెవెల్‌లోనే ఉంటుంది. దాని ఊపిరితిత్తులు చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రం.

204వ రోజు. మొదటి షిఫ్ట్.

నడిగుమ్మాలన్నిటికీ కలిపి గోడ మీద ఒకే మీట, దానికో తాళం. తాళంచెవి కమిటీ పెద్ద రాజనర్సు మొలతాడుకు ఉంటుంది. కబురు పెడితే రెండు గంటల తర్వాత వచ్చాడు.

"భూలక్ష్మీ, ముప్పై ఏండ్లసంది ఎవ్వలు ముట్టలే. నువ్వు ముడుతవా?"

"ముట్టకుంటే నాలుగో లెవెల్ పొల్లగాండ్ల తలనొప్పి ఎవ్వలు తీస్తరన్నా? నువ్వు పోయి తలలు ఒత్తుతవా?"

"నీ నోరుకు దండం." తాళం తీసి మీట వేశాడు.

నడిగుమ్మంలోకి పోయాను. నల్లటి తెర మీద దాని ప్రశ్న ఒక్కటే ఉంది. అవును అని కొట్టాను. అబద్ధమే. అసలు జల్లెడలు అయిపోయి రెండేళ్లయింది, ఇప్పుడు ఉన్నది పాత చీరలు నాలుగు మడతలు వేసి కుట్టింది. పెట్టె నమ్మింది. పంకాలు పూర్తి వేగం అందుకున్నాయి. సుగుణ ఫోన్ చేసి "అక్కా, గాలొస్తుంది, సల్లగొస్తుంది" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

పి, క్యూ కొట్టి మూయకుండానే బయటికొచ్చాను. పెట్టెకు ఏమీ కాలేదు. నా ఒంటికి మాత్రం ఎట్లాగో అయింది, గోచీ లేకుండా బజారులో నిలబడ్డట్టు. రాజనర్సు మీట తీసేసి తాళం వేసుకుని పోయాడు.

రెండు గంటలయ్యాక పెట్టె మళ్లీ అడిగింది: జల్లెడ కొత్తదా?

205వ రోజు. రెండో షిఫ్ట్.

చీరల జల్లెడలోంచి దుమ్ము వస్తోంది, పెట్టె దాన్ని కనిపెడుతోంది. రెండు గంటలకోసారి అడుగుతుంది, మేం అవును అంటాం, అది నమ్ముతుంది. రాజనర్సు నిన్నటి నుంచి తొమ్మిదిసార్లు తాళంచెవి పట్టుకుని మెట్లెక్కి దిగాడు. పదోసారి ఒళ్లు మండి తాళంచెవి తాళానికే వదిలేశాడు.

"ఒక్కసారి లోపలికి పోయినవు గదా, ఇగ ఆడనే కూసో. నా మోకాళ్లు నీ పెట్టె కోసం పుట్టలే."

"మంచిదన్నా. కానీ నడిగుమ్మంల ఊకె కూసునుడు మంచిగ గాదు. యాదిమరిచి ఎవ్వలన్న సి కొడితే?"

"నువ్వు కొడుతవా?"

"నేనెందుకు కొడత?"

"మరి మొండిగాడు కొడుతడా? ఇరవై ఏండ్ల పనిమంతుడాయె."

నిజమే అనిపించింది. నేనే ఒప్పుకున్నాను. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను, తర్వాత ఎవరిమీదా తొయ్యడానికి లేకుండా.

ఇక నుంచి నడిగుమ్మం తెరిచే ఉంటుంది. నేనొక ఆరు గంటలు, మొండయ్యొక ఆరు గంటలు. తెర పక్కన అట్టముక్క మీద బొగ్గుతో "మూయొద్దు" అని రాసి కట్టాను. మొండయ్య చూసి "అక్కా, గిది చదువుతుంటె నన్ను తిట్టినట్టున్నది" అన్నాడు. "ఉండనియ్" అన్నాను.

207వ రోజు. రెండో షిఫ్ట్.

అవును. అవును. అవును. నా జన్మలో ఇన్ని అబద్ధాలు ఆడలేదు.

కుట్టుపని వాళ్లు ఆరు మడతల జల్లెడ కుడుతున్నారు, ఇంకో వారం పడుతుందట. పాత చీరలు దొరకడం లేదు. పోయిన అత్తగారి చీరను సందూకులోంచి తీసి ఇవ్వమంటే ఎవరికి మనసొప్పుతుంది? నేను మా అమ్మది ఇచ్చాను.

మొండయ్య కళ్ల కింద నల్లబడింది. మొదట్లో జోకులేసేవాడు, ఇప్పుడు వేయడం లేదు. పంటి చుట్టూ వాచింది. మూడో మనిషిని ఇమ్మని కమిటీని అడిగితే, నేర్చినవాళ్లు మీరిద్దరే గదా అన్నారు. నేర్పడానికి తీరిక ఎక్కడుంది మాకు?

సుగుణ ఫోన్ చేసింది. "అక్కా, తిన్నవా?"

"పుట్టగొడుగుల పులుసు. నువ్వు?"

"గదే. ఇంకేముంటది, కోడికూర ఉంటదా?" దగ్గు వచ్చి మధ్యలో ఆగింది. "అక్కా, నా కోసం అంత పానం పెట్టకు. ఆరు గంటలు కదలకుండ కూసుంటె నీ నడుమేంగాను?"

"నీ ఒక్కదాని కోసమా? రెండువందల పన్నెండు మందున్నరు ఆడ."

"గట్లనే అను" అని నవ్వింది. దానికి తెలుసు. నాకూ తెలుసు. రెండువందల పన్నెండులో నేను మొదట లెక్కపెట్టేది ఒక్కదాన్నే.

209వ రోజు. రెండో షిఫ్ట్.

జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం పన్నెండింటికి మొండయ్య చేతి నుంచి నేను పని అందుకోవాలి. ఐదు నిమిషాలు ముందే వచ్చాను. ముందుగదిలో చెప్పులు విప్పి, ముఖం మీది గుడ్డ విప్పి, కూజాలోంచి నీళ్లు వంచుకుంటున్నాను. లోపల మొండయ్య లేచిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. మూతి వాచి ఉందేమో, మాట ముద్దగా వినిపించింది.

"వేసిన!"

"విన్న!" అన్నాను. నీళ్లు తాగాను.

అప్పటికీ నాకు తట్టలేదు. గ్లాసు బోర్లించేటప్పుడు తట్టింది. లోపలికి పరుగెత్తాను. మొండయ్య కుర్చీ వెనక నిలబడి తెర వైపు చూస్తున్నాడు. తెర మీద ప్రశ్న లేదు. అట్టముక్క ఎప్పట్లాగే వేలాడుతోంది.

"అక్కా... నేను సి కొట్టిన."

"కొట్టినవా?"

"షిఫ్టయిపోయింది గదా అని లేసిన. లేసి మూసిన. అక్కా, నువ్వు విన్న అంటివి గదా! నువ్వు విన్న అంటివి!"

అన్నాను. వాణ్ని చంపేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఏ నోటితో తిట్టను? వాడి వేళ్లు చేసిందే నా నోరూ చేసింది. నలభై ఏళ్లుగా ఒక్కసారీ తప్పనివాళ్లం, అందుకే తప్పాం.

పెట్టెను లేపడానికి ప్రయత్నించాను. పై యంత్రాన్ని అడిగింది. జవాబు కోసం కాసేపు చూసింది. ఆగిపోయింది. పదకొండుసార్లు ప్రయత్నించాను. పెట్టె చచ్చింది.

ఫోన్ మోగుతోంది. సుగుణ లెవెల్ నుంచే.

210వ రోజు. మొదటి షిఫ్ట్.

నాలుగో లెవెల్ పంకాకు చేతి చక్రం ఒకటుంది. ఎనిమిది మంది పట్టి తిప్పితే ఐదోవంతు గాలి వస్తుంది. నిన్నటి నుంచి వంతులవారీగా తిప్పుతున్నారు. ఐదోవంతు గాలితో తిప్పేవాళ్లకే ఊపిరి ఆడదు, ఇక తిప్పడమెట్లా? మహా అయితే మూడు రోజులు.

మొండయ్య సంచి తీసుకుని నేరుగా నాలుగో లెవెల్‌కు పోయాడు. చక్రం దగ్గర ఉన్నాడట, ఎవరు వంతు దిగమన్నా దిగడం లేదట. ఆ లెవెల్ వాళ్లెవరూ వాణ్ని ఒక్క మాట అనలేదట. అని ఉంటే బాగుండేది.

కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు. రాజనర్సు పలక మీద లెక్క వేసి చూపించాడు. ఒకటి, రెండు, మూడు లెవెళ్లలో కలిపి ఎనిమిదివందల అరవై మంది. మా పెట్టెలు, మా జల్లెడలు వాళ్లకే బొటాబొటి.

"పొల్లగాండ్లను యాభై మందిని తీసుకుందాం" అన్నాడు. "తక్కినోళ్ల సంగతి మల్ల సూద్దాం."

"మల్ల అంటె ఎప్పుడన్నా? దినాలయినంకనా?"

"ఏయ్, నోరు!" అన్నారు ఎవరో.

రాజనర్సు కోప్పడలేదు. "భూలక్ష్మీ, నాకు మాత్రం పానం గాదా? తలుపులు దెరిస్తె అందరి గాలి పలుచనయితది. ముసలోళ్లున్నరు, పసిపోరగాండ్లున్నరు. నాలుగో లెవెల్ బతుకుతదని మూడు లెవెళ్లను సంపుమంటవా? జెప్పు, నువ్వే జెప్పు."

లెక్క తప్పు కాదు. ఆయన చెడ్డవాడూ కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టమయ్యేది కాదు.

యాభై మంది పిల్లలు సాయంత్రం మూడో లెవెల్‌కు వచ్చారు. యాభైయవ పిల్ల దాటగానే మళ్లీ తలుపు వేశారు. యాభై ఒకటోవాడికి పదకొండేళ్లట.

211వ రోజు. మొదటి షిఫ్ట్.

పొద్దున సుగుణ ఫోన్ చేసింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటోంది.

"అక్కా, మనమ్మ చీర జల్లెడకిచ్చినవట గదా."

"ఇచ్చిన."

"ఏ చీర? ఆకుపచ్చదా?"

"ఆకుపచ్చదే."

"నాకిస్త అంటివి గదనే." నవ్వబోయింది. దగ్గింది. చాలాసేపు దగ్గింది. ఫోన్ ఎవరో తీసుకున్నారు. మొండయ్య. "అక్కా, కిందవడ్డది. పండవెట్టినం. ఊపిరున్నది. అక్కా, నేనేం జెయ్యాలె?"

"సక్రం తిప్పు" అన్నాను. పెట్టేశాను.

ఇప్పుడు ఉదయం తొమ్మిది నలభై. గోడమీద మీట వేసే ఉంది. రాజనర్సు తాళంచెవి తాళానికే వేలాడుతోంది, ఆ గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు.

తలుపుల పెట్టె సంగతి ఇక్కడ నాకొక్కదానికే తెలుసు. గడియలను పట్టి ఉంచేది అదే. అది పోతే గడియలన్నీ కిందికి జారి తలుపులన్నీ తెరుచుకుంటాయి. మంటలో ఎవరూ చిక్కుకోకూడదని మొదటివాళ్లు అట్లా పెట్టారు. ఒకసారి జారితే మళ్లీ ఎక్కించే పెట్టె ఉండదు. ఆ తలుపులు ఇక ఏనాటికీ గాలి పట్టకుండా మూసుకోవు.

రాజనర్సుకు ఫోన్ చేశాను. "అన్నా, ఒక్కసారి అడుగుత. నువ్వే తలుపులు దెరిపియ్యి."

"నాతోని గాదు భూలక్ష్మీ."

"అయితె నీ తప్పు లేదు. యాదివెట్టుకో, నీ తప్పు లేదు."

"ఏం జేస్తున్నవ్?"

తలుపుల పెట్టె నడిగుమ్మంలోకి పోయాను. తెర మీద వరుసగా వస్తున్నాయి: ఒకటి మూసి ఉంది. రెండు మూసి ఉంది. మూడు మూసి ఉంది. మళ్లీ మొదటి నుంచి. నలభై ఒక్క ఏళ్లుగా అది ఇదే చెప్తోంది, మేం దాన్ని నమ్మి పడుకున్నాం.

మొండయ్యది పరాకు. నాది కాదు. కళ్లు తెరిచి, తెర చూస్తూ, కంట్రోల్ పట్టి సి కొట్టాను.

తెర ఆగింది. ఆ తర్వాత గని అంతటా ఇనుము జారిన చప్పుడు, ఒక్కొక్కటే, కింది నుంచి పైకి.

212వ రోజు. మొదటి షిఫ్ట్.

నాలుగో లెవెల్ వాళ్లు పైకి వచ్చారు. నడవలేనివాళ్లను మంచాలతో మోసుకొచ్చారు. ముగ్గురు రాలేదు, నేను సి కొట్టేసరికే పోయారు. ఆఖరున మొండయ్య వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కి చితికి ఉన్నాయి.

సుగుణ నా గదిలో నా చాప మీద ఉంది. గంజి తాగింది.

మూడో లెవెల్ వాళ్లు కొందరు నా గుమ్మం ముందు నిలబడి తిట్టారు. కొందరు నాలుగో లెవెల్ వాళ్లకు చాపలు పరిచారు. రెండు పనులూ చేసినవాళ్లూ ఉన్నారు.

గాలి: నిన్నటిదాకా మూడు లెవెళ్లలోనూ ఆక్సిజన్ వందకు ఇరవై ఉండేది. ఇవాళ అంతటా పదిహేడున్నర.

220వ రోజు. మొదటి షిఫ్ట్.

గాలి పదిహేడు. ఆరు మడతల జల్లెడలు మూడు లెవెళ్ల పంకాలకూ వేశాం, గాలి ఇంతకన్నా దిగడం లేదు, ఎక్కడం లేదు. మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసం వస్తోంది. మాటలు తగ్గించారు జనం. పిల్లలు పరుగెత్తడం లేదు. కమిటీ నన్ను తీసెయ్యాలని తీర్మానం రాసింది, నా బదులు కూర్చునేవాళ్లు లేక అట్లే ఉంచింది.

పొద్దున రెండో లెవెల్‌లో రాజనర్సు తల్లి మల్లవ్వ పోయింది. ఎనభై నాలుగేళ్లు. జబ్బేమీ లేదు. నిద్రలో ఊపిరి చాలలేదు. పాత గాలి ఉంటే ఇంకో నాలుగేళ్లు ఉండేదని అక్కడివాళ్లు అంటుంటే విన్నాను. నిజమే అయి ఉంటుంది. ఈ వారంలో ఇట్లా పోయినవాళ్లలో ఆమె ఐదో మనిషి. మిగతా నలుగురి పేర్లు పాత పేజీలో ఉన్నాయి, నేనే రాశాను.

పోకుండా ఉండలేకపోయాను. రాజనర్సు గుమ్మంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి జనం పక్కకు తప్పుకున్నారు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చున్నాను. 

ఆయనే తలెత్తాడు.

"సెల్లెకెట్లున్నది? దగ్గు తక్కువయిందా?"

అందులో ఎత్తిపొడుపేమైనా ఉందా అని ముఖం చూశాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

సుగుణకు నిన్నటి నుంచి దగ్గు లేదు. పొద్దున లేచి నా జడ వేసింది. లేదన్నా, అట్లనే ఉన్నది అని చెబితే ఆయనకేమైనా ఊరట ఉంటుందా, నాకేమైనా ఉంటుందా? పెట్టెతో అన్ని అబద్ధాలు ఆడినదాన్ని, ఆయన ముందు ఒక్కటి కూడా పెగల్లేదు.

"తక్కువయిందన్నా" అన్నాను.

"మంచిది" అన్నాడు. చెయ్యి అందించాను. పట్టుకుని లేచి, తల్లిని మొయ్యడానికి లోపలికి పోయాడు.